తలలో నీరంటే జలుబు కాదు

మా పెద్దమ్మకి మనవడి పుట్టెంట్రుకలు తిరుపతిలో తీయించాలని మొక్కు. ఆ మొక్కు తీరకముందే ఐదో నెలలో ఆపరేషన్ కోసం వాడి తలకి కుడిపక్క జుట్టంతా గీసేశారు, ఆవిడ నర్సమ్మని బతిమాలి ఆ జుట్టుని ఒక ప్లాస్టిక్ కవర్లో వేయించుకుని పర్సులో దాచుకుంది. వాడికొచ్చింది హైడ్రోసెఫలస్. డాక్టర్ "తలలో నీరు చేరిందమ్మా" అనగానే ఆవిడ, తలంటాక సాంబ్రాణి సరిగ్గా వెయ్యలేదేమో అని కోడలి వంక చూసిందంట. మనవైపు తలలో నీరు పట్టిందంటే జలుబే కదా, ఆవిరి పడితే పోయేది. కానీ ఇది ఆ నీరు కాదు, మనం తలమీద పోసే నీళ్ళు ఒక్క చుక్క కూడా మెదడు దాకా వెళ్ళవు.

నిజం చెప్పాలంటే తేడా ముందు కనిపెట్టింది కూడా పెద్దమ్మే. రోజూ మాడు మీద ఆముదం పెడుతుంది, అక్కడ వేలికి మెత్తగా, కొంచెం పల్లంగా, కొట్టుకుంటూ తగలాలి. వాడికి అది ఉబ్బి బిగుసుకుపోయి ఉంది. ఏడ్చినప్పుడు ఏ బిడ్డకైనా మాడు ఉబ్బుతుంది, అది మామూలే, నిమ్మళంగా ఉన్నప్పుడు ఎత్తుకుని కూర్చోబెట్టి చూసినా ఉబ్బే ఉంటే మాత్రం ఆగకూడదు. చుట్టాలేమో "తల పెద్దది, కలెక్టర్ అవుతాడు" అన్నారు. టీకాకి వెళ్ళినప్పుడు డాక్టర్ టేపు చుట్టి చూస్తే 47 సెంటీమీటర్లు. పుట్టినప్పుడు సుమారు 35 ఉండే తల మొదటి 3 నెలలు నెలకి 2 చొప్పున, తర్వాత 3 నెలలు నెలకి 1 చొప్పున పెరిగి ఏడాదికి 46 దగ్గరకొస్తుంది, వీడు ఐదో నెలకే దాన్ని దాటేశాడు. నల్లగుడ్లు కిందికి వాలిపోయి పైన తెల్లగుడ్డు కనిపించడం, నుదుటి మీద నరాలు తేలడం, పాలు తాగకపోవడం, వాంతులు, ఇవన్నీ కూడా దీని గుర్తులే.

ఇంతకీ ఆ నీరు ఎక్కడిది అంటే, మెదడు లోపల నాలుగు గదులుంటాయి, వాటిలో ఉండే చిన్న కుచ్చుల్లాంటి కణజాలం రోజుకి దాదాపు అర లీటరు ద్రవం తయారు చేస్తుంది, అంటే మనం పొద్దున్నే కొనే పాల ప్యాకెట్ అంత. కానీ ఒక సమయంలో తలలోనూ వెన్నులోనూ కలిపి ఉండేది పెద్దవాళ్ళలో అయినా 150 మిల్లీలీటర్లే, ఒక టీ గ్లాసుడు. మిగతాదంతా ఎప్పటికప్పుడు రక్తంలో కలిసిపోతూ ఉండాలి. మూడో గదికీ నాలుగో గదికీ మధ్య దారి మరీ సన్నం, చాలామందిలో అడ్డం పడేది అక్కడే. దారి మూసుకున్నా తయారవడం మాత్రం ఆగదు, మోటార్ ఆపకుండా డ్రైనేజీ మూసేసిన ఇల్లు ఎలా ఉంటుందో అంతే. పసిబిడ్డల్లో పుర్రె అతుకులు ఇంకా కలవవు కాబట్టి తల పెరుగుతుంది, పెద్దవాళ్ళలో పెరగడానికి చోటుండదు, అందుకే తెల్లవారుజామున తలనొప్పి, వాంతి, చూపు రెండుగా కనపడటం.

కొందరికి ఇది పుట్టుకతోనే ఉంటుంది, కొందరికి నెలలు నిండక పుట్టి మెదడులో రక్తం కారితే వస్తుంది, మన దేశంలో టీబీ మెదడు పొరలకి పాకి రావడం కూడా ఎక్కువే. వెన్నుపూస సరిగ్గా మూసుకోకుండా పుట్టే పిల్లల్లో కూడా ఇది వస్తుంది, దాన్ని మాత్రం చాలావరకు ఆపొచ్చు, గర్భం రాకముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే చాలు. నెల తప్పాక మొదలుపెడితే చాలాసార్లు ఆలస్యమే, ఎందుకంటే ఆ వెన్ను మూసుకోవడం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే అయిపోతుంది.

మందులతో ఇది తగ్గదు. షంట్ వెయ్యాలి, అంటే మెదడు గదిలోంచి ఒక సన్నటి సిలికాన్ గొట్టం, చెవి వెనక చర్మం కింద ఒక వాల్వ్, అక్కడి నుంచి మెడ, ఛాతీ మీదుగా కడుపులోకి. ఈ వాల్వ్ కథ నాకు చాలా ఇష్టం. 1955లో అమెరికాలో జాన్ హోల్టర్ అనే మెషీన్ పనివాడికి ఇదే జబ్బుతో కొడుకు పుట్టాడు. అప్పటి వాల్వులు సరిగ్గా పనిచెయ్యట్లేదని తెలిసి తనే కూర్చుని చీలికలున్న చిన్న సిలికాన్ వాల్వ్ చేశాడు, ఒత్తిడి పెరిగితే చీలిక తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది, వెనక్కి మాత్రం రానివ్వదు. 1956 నుంచి పిల్లలకి పెట్టడం మొదలైంది. మనవాళ్ళు కూడా తక్కువేం కాదు, ఉత్తరప్రదేశ్ షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్‌ని యుగాండాలో 195 మంది పిల్లల్లో దాదాపు ఇరవై రెట్లు ఖరీదైన విదేశీ షంట్‌తో పోల్చి చూస్తే, ఏడాది తర్వాత ఫలితాల్లో తేడా కనపడలేదు. 2005లో వచ్చిన ఆ పరిశోధన చదివాకే మా అన్నయ్య "ఖరీదుది వేయించలేకపోయానే" అన్న బెంగ వదిలాడు. దారిలో అడ్డు ఉన్న కొందరికి గొట్టం లేకుండా ఎండోస్కోప్‌తో మూడో గది అడుగున కన్నం పెట్టి కొత్త దారి తీస్తారు, అది అందరికీ పనికిరాదు.

ఆపరేషన్ అయిపోతే కథ అయిపోయిందనుకుంటాం. కాదు. పిల్లల్లో వేసిన షంట్లలో సగం దాకా మొదటి రెండేళ్ళలోనే మొరాయిస్తాయి, మూసుకుపోవడమో, ఇన్ఫెక్షనో, ఊడిపోవడమో. వీడికి రెండేళ్ళప్పుడు ఒకరోజు వాంతులు, మగత. దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో అజీర్తి అని సిరప్ ఇచ్చి పంపించేశారు, వదిన ఒప్పుకోలేదు, రాత్రికి రాత్రే షంట్ వేసిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది, స్కాన్ చేస్తే పై గొట్టం మూసుకుపోయి ఉంది. అప్పటినుంచి ఆవిడ ఫోన్‌లో పాత స్కాన్లన్నీ, షంట్ కంపెనీ పేరు, వాల్వ్ రకం ఉంటాయి, ఎందుకంటే కొన్ని వాల్వుల సెట్టింగ్ బయటి నుంచి అయస్కాంతంతో మారుస్తారు, ఎంఆర్ఐ తీస్తే ఆ సెట్టింగ్ చెదిరే అవకాశం ఉంది, తర్వాత చూపించుకోవాలి.

మిగతా బతుకంతా మామూలే. ఇప్పుడు వాడు ఒకటో తరగతి, పరిగెడతాడు, కొడతాడు, తిడతాడు. లెక్కల్లో కాస్త వెనక, చెప్పింది రెండోసారి చెప్పాలి, ఇది వీళ్ళలో చాలామందికి ఉండేదే, టీచర్‌కి ముందే చెప్పేస్తే సోమరి అనే ముద్ర పడదు.

అన్నట్టు ఇది పిల్లల జబ్బే కాదు. అరవై దాటినవాళ్ళు కాళ్ళు నేలకి అతుక్కున్నట్టు నడుస్తూ, మూత్రం ఆపుకోలేక, మతిమరుపు పడుతుంటే "వయసైపోయింది" అని వదిలేస్తాం. ఆ మూడూ కలిస్తే కొందరిలో కారణం ఇదే కావచ్చని కొలంబియా డాక్టర్ సలమోన్ హకీమ్ 1965లోనే చెప్పాడు. నడుం దగ్గర 30 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు తీసి చూస్తారు, నడక మెరుగుపడితే షంట్ పనిచేసే అవకాశం బాగా ఉన్నట్టు.

మొక్కు మూడో ఏట తీరింది. కల్యాణకట్టలో వదిన మంగలాయన చెయ్యి పట్టుకుని చెవి వెనక బుడిపె తడిమించింది. ఆయన ఒకసారి వేలితో మెడ దాకా గొట్టం వెంబడి రాసి చూసుకుని, ఏమీ అడగకుండా, అక్కడ మాత్రం కత్తి తేలిగ్గా ఆనించి గీశాడు. పెద్దమ్మ పర్సులోంచి ఆ కవర్ తీసి, పాత జుట్టు కూడా ఈ జుట్టులో కలిపేసింది.