న్యూమన్ జాతకం, నాస్కార్ లెక్కలు

అమెరికా స్టాక్ కార్ రేసుల్లో, అంటే మామూలు కార్లను పోలిన బండ్ల పోటీల్లో, డ్రైవర్ ర్యాన్ న్యూమన్‌ది విచిత్రమైన జాతకం. 2003లో అతను 8 రేసులు గెలిచాడు. ఆ ఏడాది ఇంకెవరూ అన్ని గెలవలేదు. అయినా పట్టికలో 6వ స్థానంతో సరిపెట్టుకున్నాడు. టైటిల్ మాత్రం ఒకే ఒక్క రేసు గెలిచిన మాట్ కెన్సెత్ పట్టుకుపోయాడు. పదకొండేళ్ల తర్వాత, 2014లో, న్యూమన్ ఒక్క రేసూ గెలవకుండానే టైటిల్‌కు అడుగు దూరం దాకా వచ్చాడు. ఈ మధ్యకాలంలో ఆ రేసులు నడిపే సంస్థ నాస్కార్ తన లెక్కలను ఎన్నిసార్లు తిరగరాసిందో చూస్తే, టైటిల్‌ను సీజన్ చివరి రేసులతో తేల్చే ప్లేఆఫ్ మీద గొడవ ఎక్కడ మొదలైందో తెలుస్తుంది.

పాత లెక్క 1975 నాటిది, బాబ్ లాట్‌ఫర్డ్ రూపొందించింది. రేసు గెలిస్తే 175 పాయింట్లు, రెండో స్థానానికి 170, చిట్టచివర 43వ స్థానంలో మిగిలినా 34. కాసిని బోనస్‌లు పక్కనపెడితే, రెండో స్థానం కంటే గెలుపుకు దక్కే అదనం 5 పాయింట్లే. ఇంజిన్ చెడి మధ్యలో ఆగిపోతే మాత్రం పోయేది వందకు పైమాటే. అలాంటప్పుడు తెలివైన డ్రైవర్ ఏం చేస్తాడు? గెలవకపోయినా ఫర్వాలేదు, బండి దెబ్బతినకుండా ప్రతి ఆదివారం మొదటి పదిలో ఉంటే చాలనుకుంటాడు. కెన్సెత్ చేసిందదే. మార్చిలో లాస్ వేగాస్‌లో గెలిచి, పట్టికలో పైకెక్కి 33 వారాలు దిగలేదు. రూలు కోరింది నిలకడ, అతను ఇచ్చాడు. అందులో తప్పేం లేదు. కానీ సీజన్ చివరి నెలల్లో ఉత్కంఠ అన్నది మిగల్లేదు. పైగా ఆ నెలల్లోనే అమెరికా టీవీల నిండా అమెరికన్ ఫుట్‌బాల్.

సంస్థ స్థాపకుడు బిల్ ఫ్రాన్స్ మనవడు బ్రయాన్ ఫ్రాన్స్ అప్పుడే పగ్గాలు చేపట్టాడు. 2004లో ‘చేజ్’ అనే ప్లేఆఫ్ తెచ్చాడు. 26 రేసులయ్యాక పైనున్న పదిమంది పాయింట్లను దగ్గరదగ్గరగా సర్దుతారు, మిగిలిన 10 రేసుల్లో టైటిల్ వాళ్ల మధ్యే తేలాలి. మొదటి ఏడాదే కర్ట్ బుష్ 8 పాయింట్ల తేడాతో గట్టెక్కాడు. టీవీవాళ్లకు కావలసింది దొరికింది. ఆ తర్వాత జిమ్మీ జాన్సన్ 2006 నుంచి 2010 దాకా వరుసగా అయిదు టైటిళ్లు ఎగరేసుకుపోవడంతో ఉత్కంఠ మళ్లీ చప్పబడింది.

ఐపీఎల్‌లో ప్లేఆఫ్‌కు చేరని జట్టు ఇంటికి పోతుంది. ఇక్కడ అది కుదరదు. టైటిల్ పోటీలో లేని బండ్లు కూడా అదే ట్రాక్ మీద, అదే రేసులో పరిగెడుతుంటాయి. అక్కడే తిరకాసు. 2013లో చేజ్‌కు ముందు ఆఖరి రేసు రిచ్‌మండ్‌లో. ఏడు ల్యాపులు (ట్రాక్ చుట్టూ చుట్లు) మిగిలి ఉండగా ముందున్నది, చిత్రంగా, న్యూమనే. గెలిస్తే చేజ్‌లో చోటు ఖాయం. అంతలో క్లింట్ బోయర్ బండి గిర్రున తిరిగింది, బండ్లన్నీ వేగం తగ్గించాలని పసుపు జెండా ఊగింది, టైర్లు మార్చే పిట్‌లో న్యూమన్ ఆధిక్యం పోయింది. చోటు బోయర్ సహచరుడు మార్టిన్ ట్రూఎక్స్ జూనియర్‌కు దక్కింది. సహచరుడి కోసం బోయర్ కావాలనే బండి తిప్పాడన్న అనుమానం లేచింది. విచారణ తర్వాత వాళ్ల జట్టు మైఖేల్ వాల్ట్రిప్ రేసింగ్‌కు 3 లక్షల డాలర్ల జరిమానా పడింది. ట్రూఎక్స్‌ను తీసి న్యూమన్‌ను చేర్చారు. అప్పటికి పన్నెండు మందికి పెరిగిన చేజ్‌లో జెఫ్ గోర్డన్‌ను అదనంగా 13వ వాడిగా కలిపారు.

మరుసటి ఏడాది అసలు మార్పు వచ్చింది. మామూలు సీజన్‌లో ఒక్క రేసు గెలిస్తే దాదాపు చోటు ఖాయం. 16 మందితో మొదలై మూడేసి రేసులకు నలుగురు చొప్పున తప్పుకుంటారు. ఆఖరి రేసుకు మిగిలిన నలుగురిలో ముందు గీత దాటినవాడే ఛాంపియన్. గెలుపుకు విలువ పెంచాలన్నది ఉద్దేశం. ఆ ఏడాది ఆఖరికి ముందు రేసు ఫీనిక్స్‌లో, చివరి ల్యాపు చివరి మలుపుల్లో న్యూమన్ తన బండిని కైల్ లార్సన్ బండికి ఆనించి, గోడవైపు నెట్టి, 11వ స్థానం లాక్కున్నాడు. ఆ ఒక్క పాయింటుతో గోర్డన్‌ను దాటి చివరి నలుగురిలో చేరాడు. హోమ్‌స్టెడ్‌లో జరిగిన ఆఖరి రేసులో కెవిన్ హార్విక్ వెనకే రెండోవాడిగా ముగించాడు. విజయాల కోసం రాసుకున్న రూలు, ఒక్క విజయం లేనివాడికి టైటిల్ ఇచ్చేసేదే!

2017లో రేసును దశలుగా విడగొట్టి, గెలిచినవాళ్లకు ప్లేఆఫ్ పాయింట్లు కూడబెట్టుకునే వీలిచ్చారు. అదీ పూర్తి కవచం కాలేదు. 2020లో 9 రేసులు గెలిచిన హార్విక్‌కే చివరి నలుగురిలో చోటు దొరకలేదు. 2025 నవంబరులో ఫీనిక్స్ రేసు మరీ ఘోరం. డెనీ హామ్లిన్ 319 ల్యాపుల్లో 208 ముందుండి నడిపాడు. కెరీర్‌లో 60 విజయాలున్నా ఒక్క టైటిలూ లేని మనిషి. మూడు ల్యాపులుండగా పసుపు జెండా. హామ్లిన్ జట్టు నాలుగు టైర్లూ మార్చింది, లార్సన్ జట్టు రెండే మార్చి ముందు బయటికి పంపింది. ఆ రోజు ఒక్క ల్యాపు కూడా ముందుండని లార్సన్ మూడో స్థానంతో ఛాంపియన్ అయ్యాడు. లార్సన్‌ను తప్పుపట్టలేం గానీ, 36 రేసుల సీజన్‌ను రెండు టైర్లు తేల్చడం నాకైతే మింగుడు పడలేదు.

2026 జనవరిలో నాస్కార్ వెనక్కి తిరిగింది. ‘చేజ్’ పేరే మళ్లీ వచ్చింది. 16 మంది, 10 రేసులు, మధ్యలో ఎవరూ తప్పుకోరు, ఒక్క గెలుపుతో చోటు ఖాయమన్న మాట లేదు. బదులుగా గెలుపు విలువ 40 నుంచి 55 పాయింట్లకు పెరిగింది. మొత్తం సీజన్ పాయింట్లే కూడమన్న పాతకాపులకు ఇది సగం ఊరటే. 2007లో పాత పద్ధతి ఉండి ఉంటే టైటిల్ గోర్డన్‌దేనని వాళ్లు ఇప్పటికీ వాదిస్తారు. కొత్త లెక్కలోనూ మొదటివాడు చేజ్‌లోకి 2,100 పాయింట్లతో, రెండోవాడు 2,075తో వస్తారు. 26 రేసుల్లో ఎంత ఆధిక్యం కూడబెట్టినా చేతికొచ్చేది ఆ 25 పాయింట్లే.