అపోహలు – వాస్తవాలు: ఫార్మాట్ కొట్టేస్తే బ్యాక్‌డోర్ పోయినట్టేనా?

"ఏటి బాబూ, ఫార్మాట్ కొట్టేస్తే పోదేటి?"

శ్రీకాకుళంలో కంప్యూటర్లు బాగుచేసుకుంటూ బతికే నాకు ఈ మాట వినని వారం ఉండదు. బ్యాక్‌డోర్ (మనకి తెలియకుండా బయటివాణ్ణి మన కంప్యూటర్లోకి రానిచ్చే దొంగ ప్రోగ్రాం) ఉందని చెప్పగానే సీపీయూ కౌంటరు మీద పెట్టేసి, "సాయంత్రానికి ఇచ్చీండి, రేపొద్దున్న పనుంది" అంటారు. ఫార్మాట్ కొట్టి చేతికిచ్చేయడం నాకూ సుఖమే, డబ్బులొస్తాయి, మాటలుండవు. కానీ ఈ ఒక్క నమ్మకం మూలంగా జనం నష్టపోయినంతగా ఇంకే పుకారు మూలంగానూ నష్టపోవడం నేను చూళ్ళేదు. అందుకే మిగతావాటిని చివర్లో చకచకా చెప్పేస్తాను. ముందు దీని పని పట్టాలి.

అపోహ: ఫార్మాట్ కొడితే బ్యాక్‌డోర్ పోతుంది, గొడవ వదిలిపోతుంది.

మొదటి సగం నిజమే. డ్రైవు మొత్తం తుడిచి, నమ్మకమైన సెటప్‌తో విండోస్ మళ్ళీ వేస్తే మనలాంటి మామూలు జనానికి తగిలే బ్యాక్‌డోర్లు దాదాపు అన్నీ పోతాయి. కొంపలు ముంచుతున్నది ఆ రెండో సగం.

పలాసలో ఓ జీడిపప్పు వ్యాపారి ఉన్నారు. ఆఫ్రికా దేశాల నుంచి జీడిపిక్కలు తెప్పిస్తారు, ఇక్కడి పప్పు బయటి రాష్ట్రాలకు పంపుతారు. కాబట్టి ముక్కూమొహం తెలియని వాళ్ళ దగ్గర్నుంచి పర్చేజ్ ఆర్డరో, ఇన్వాయిసో మెయిల్లో రావడం వాళ్ళకి వింతేమీ కాదు. అలా వచ్చిన ఓ జిప్ ఫైల్లో పీడీఎఫ్ బొమ్మ ఉన్న ఫైలు ఒకటుంది. పేరు చివర డాట్ పీడీఎఫ్ అనే కనబడింది. దాని వెనకాల డాట్ ఈఎక్స్ఈ అని ఇంకో తోక ఉంది, అంటే అది కాగితం కాదు, నొక్కితే నడిచే ప్రోగ్రాం, కానీ తెలిసిన ఎక్స్‌టెన్షన్లను విండోస్ మామూలుగా దాచేస్తుంది కదా, అది కనబడలేదు. గుమస్తా డబుల్ క్లిక్ చేశాడు. ఏమీ తెరుచుకోలేదు. ఫైలు పాడైందనుకుని ఊరుకున్నాడు.

కొన్నాళ్ళకి యాంటీవైరస్ అరిచింది. దగ్గర్లో ఎవరిచేతో ఫార్మాట్ కొట్టించి ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాతే అసలు దెబ్బ తగిలింది. ఎప్పట్నుంచో సరుకు కొంటున్న ఆసామి "డబ్బులు వేసేశాను కదండీ" అన్నాడు. వీళ్ళ ఖాతాలో పైసా పడలేదు. ఆయనకి వెళ్ళిన ఇన్వాయిస్ అచ్చం వీళ్ళదే, అదే లెటర్‌హెడ్డు, అదే సంతకం. బ్యాంకు ఖాతా నంబరు మాత్రం వేరే.

ఆ సీపీయూ నా దగ్గరికొచ్చేసరికి కడిగిన ముత్యంలా ఉంది. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు, దొరకదు కూడా. అప్పుడు మెయిల్ సెట్టింగ్స్ తెరవమన్నాను. ఫార్వార్డింగ్ అన్నచోట ఇంట్లో ఎవరికీ తెలియని ఒక అడ్రసు ఉంది. వీళ్ళకొచ్చే ప్రతి మెయిలూ ఒక కాపీ అక్కడికి పోతోంది. పాస్‌వర్డ్ కూడా పాతదే, "ఫార్మాట్ కొట్టించాం కదా, మార్చడం దేనికి" అనుకున్నారు. దొంగ తాళంచెవికి నకలు చేయించుకుని పోయాక ఇంటికి సున్నం వేయించుకున్నట్టయింది.

బ్యాక్‌డోర్ లోపలికి రాగానే చేసే పని చూస్తే ఇదెందుకు ఇలా అవుతుందో అర్థమవుతుంది. అది ముందు తన కాపీని యాప్‌డేటా ఫోల్డర్లో ఓ మూల పెట్టుకుంటుంది. అక్కడ రాయడానికి అడ్మిన్ పర్మిషన్ అక్కర్లేదు, కాబట్టి 'యెస్' నొక్కమని విండోస్ అడగదు కూడా. తర్వాత విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలోని రన్ కీలోనో, టాస్క్ షెడ్యూలర్లోనో తన పేరు ఎక్కించుకుంటుంది. ఇక మీరు లాగిన్ అయిన ప్రతిసారీ దానికదే లేస్తుంది. పేరు ఎస్‌వీసీహోస్ట్ అనో, విండోస్ అప్‌డేట్ అనో పెట్టుకుంటుంది. ఎస్‌వీసీహోస్ట్ అనేది విండోస్ సొంత ప్రోగ్రామే, అసలుది ఉండేది సి డ్రైవులో విండోస్ కింద సిస్టమ్32 ఫోల్డర్లో. అదే పేరు యాప్‌డేటాలో కనబడితే నాకింక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత అది బయటికి ఫోన్ కొడుతుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. "మాకు రూటర్ ఉంది, ఫైర్‌వాల్ ఉంది, బయటివాడు లోపలికెలా వస్తాడు?" అంటారు. 1998లో వచ్చిన బ్యాక్ ఆరిఫిస్ లాంటి పాత బ్యాక్‌డోర్లు మెషీన్లో పోర్టు, అంటే నెట్ వైపు ఓ తలుపు, తెరిచి బయటివాడి కోసం కూర్చునేవి, అప్పుడా మాట కొంత చెల్లింది. ఇప్పటివి లోపల్నుంచే తమ యజమాని సర్వర్‌కి కనెక్ట్ అవుతాయి. రూటర్ కంటికి అది మీరు బ్రౌజర్లో ఏదో సైటు తెరిచినట్టే ఉంటుంది, అడ్డుకోదు.

కనెక్ట్ అయ్యాక దాని మొదటి చూపు బ్రౌజర్ మీదే. అది మీ లాగిన్ కిందే నడుస్తోంది కాబట్టి మీరు సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు తీసుకోవడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. పాస్‌వర్డ్‌ల కంటే చెడ్డవి కుకీలు. మీరు ఓటీపీ కొట్టి లోపలికెళ్ళాక, "ఇతను మనవాడే" అని సైటు గుర్తుపెట్టుకునేది ఆ కుకీతోనే. దాన్ని ఎత్తుకెళ్ళినవాడు మీ పాస్‌వర్డ్ తెలియకుండా, ఓటీపీ రాకుండా తిన్నగా మీ మెయిల్లో కూర్చోవచ్చు. "ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది కదా" అనే ధీమా ఇక్కడ పనికిరాదు. ఇదంతా కొద్ది నిమిషాల పని. ఆ తర్వాత మీరెప్పుడు ఫార్మాట్ కొట్టినా వాడికి పోయేదేముంది?

ఇంకో రకం చూడండి. నరసన్నపేటలో ఒక డీటీపీ షాపు, పెళ్ళికార్డులూ ఫ్లెక్సీలూ చేస్తారు. ఆయన ఫార్మాట్ల మీద ఫార్మాట్లు కొట్టించాడు, బ్యాక్‌డోర్ మళ్ళీ మళ్ళీ వస్తోంది. "బాబూ, ఇది నా మెషీన్‌కి పట్టిన శని" అన్నాడు. నేను విండోస్ సెక్యూరిటీ తెరిచి ఎక్స్‌క్లూజన్స్, అంటే యాంటీవైరస్ వెతకకుండా వదిలేసే చోట్ల జాబితా, చూశాను. అక్కడ ఒకే ఒక్క లైను ఉంది: సి డ్రైవు. అంటే సి డ్రైవులో ఏది కనబడినా చూడొద్దని విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌కి ఎవరో చెప్పిపెట్టారు. డిఫెండర్ ఆన్‌లోనే ఉంది, పచ్చ టిక్కు కూడా ఉంది, పని మాత్రం లేదు.

అలా చెప్పిందెవరు? ఆయన దగ్గర ఓ పెన్‌డ్రైవు ఉంది. అందులో 'ఆల్ సాఫ్ట్‌వేర్స్' అని ఫోల్డరు: పేజ్‌మేకర్, ఫోటోషాప్, అనూ ఫాంట్లు, అన్నిటికీ క్రాకులు (డబ్బు కట్టకుండా నడిపించే దొంగ ఫైళ్ళు), విండోస్‌కి అలాంటిదే యాక్టివేటరు. ఒక్కోదాంట్లో ఓ నోట్‌ప్యాడ్ ఫైలు, "ముందు యాంటీవైరస్ ఆపండి, తర్వాత రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టండి" అని. ఈయన ప్రతిసారీ తు.చ. తప్పకుండా పాటించాడు. ఫార్మాట్ కొట్టిన గంటలోపే బ్యాక్‌డోర్‌ని తన చేత్తోనే, అదీ అడ్మిన్ హోదా ఇచ్చి మరీ కూర్చోబెడుతున్నాడు. ఆ హోదాతోనే ఎక్స్‌క్లూజన్స్‌లో ఆ లైను ఎక్కింది. క్రాకులన్నిట్లోనూ బ్యాక్‌డోర్ ఉంటుందని నేననను. ఏదాంట్లో ఉందో మీకు చెప్పాల్సినవాణ్ణి మీరే నిద్రపుచ్చుతున్నారు కదా, అదీ నా గోల. ఫార్మాట్ కొట్టేవాళ్ళలోనూ ఇలాంటి పెన్‌డ్రైవు జేబులో పెట్టుకు తిరిగేవాళ్ళున్నారు. మీ మెషీన్ ఇచ్చేటప్పుడు "విండోస్ సెటప్ ఎక్కడిదండీ?" అని అడగండి. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్‌తో చేసిందైతే సరే. జవాబు నసిగితే సీపీయూ వెనక్కి తెచ్చేసుకోండి.

ఇంకోటి, సి డ్రైవు ఒక్కటే తుడిచి "డీలో డేటా ఉంది, ముట్టుకోవద్దు" అంటారు. ఫోటోలు, ఫైళ్ళు ఉంచుకోండి, ఎవరొద్దన్నారు? అక్కడ పడున్న పాత సెటప్‌లు, ఈఎక్స్ఈలు మాత్రం దయచేసి తీసేయండి.

మరి వరస ఏమిటంటే, ముందు నెట్ పీకండి. తర్వాత వేరే మెషీన్ నుంచో, శుభ్రంగా ఉన్న ఫోన్ నుంచో మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. మొదట మెయిలే, ఎందుకంటే మిగతా ఖాతాల 'ఫర్గాట్ పాస్‌వర్డ్' అంతా అక్కడికే వస్తుంది. లాగిన్ అయి ఉన్న డివైజులన్నిట్నించీ సైనౌట్ కొట్టండి, ఎత్తుకెళ్ళిన కుకీలు చెల్లకుండా పోయేది దాంతోనే. ఫార్వార్డింగ్, ఫిల్టర్లు, రికవరీ ఫోన్ నంబరు చూడండి. తర్వాత బ్యాంకులు. ఇవన్నీ అయ్యాక తీరిగ్గా ఫార్మాట్. చాలామంది ఇది తిరగేసి, బ్యాక్‌డోర్ ఉన్న మెషీన్లోనే కూర్చుని కొత్త పాస్‌వర్డ్ కొడతారు. కొత్తది కూడా వాడికి అప్పజెప్పినట్టే.

ఇక మిగతావి.

అపోహ: మెషీన్ స్లో అయిందంటే బ్యాక్‌డోర్ ఉన్నట్టే.

కాదు. నా దగ్గరికొచ్చే స్లో మెషీన్లలో ఎక్కువ వాటికి పాత హార్డ్‌డిస్కు, నాలుగు జీబీ ర్యామే జబ్బు. ఎస్ఎస్‌డీ వేస్తే లేచి కూర్చుంటాయి. బ్యాక్‌డోర్ నడిపేవాడు మీకు అనుమానం రాకూడదనే చూస్తాడు.

అపోహ: నా కంప్యూటర్లో ఏముంది దోచుకోవడానికి?

మీ మెషీన్‌ని అడ్డం పెట్టుకుని ఇంకొకళ్ళని దోచుకోవచ్చు, మీ నెట్ మీదుగా స్పామ్ పంపొచ్చు. నెట్ సెంటర్ నడిపేవాళ్ళయితే ఈ మాట అసలు అనకూడదు. ఊరందరి ఆధార్ స్కాన్లు డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో పడుంటాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్లో ఉచిత టూల్స్ ఉన్నాయి, వాడుకోండి.

అపోహ: బ్యాక్‌డోర్ మదర్‌బోర్డులో దూరిపోతుంది, బోర్డు మార్చాల్సిందే.

ఇది విని ఒకాయన బోర్డు మార్చేశాడు. నాకు ఒళ్ళు మండింది. అలాంటివి లేవని కాదు. 2018లో బయటపడిన లోజాక్స్ అలాంటిదే, కానీ దాన్ని ప్రభుత్వ సంస్థల మీద ప్రయోగించారు. ఆమదాలవలసలో కిరాణా బిల్లులు కొట్టుకునే మెషీన్ మీదికి అంత ఖరీదైన సరుకు ఎవడూ పంపడు.

అపోహ: అఫీషియల్ సైటు నుంచి దించుకుంటే భయం లేదు.

దాదాపు నిజం. 2017లో సీక్లీనర్ అనే, కంప్యూటర్లో చెత్త ఫైళ్ళు తుడిచే ప్రోగ్రాం అసలు ఇన్‌స్టాలర్లోనే బ్యాక్‌డోర్ దూరింది, ఇరవై లక్షల పైచిలుకు మెషీన్లకు చేరింది. అయినా అఫీషియల్ సైటే వాడండి.

అపోహ: పెన్‌డ్రైవులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయ్యాయి, డేటా పోయింది.

పోలేదు, దాక్కుంది. ఆ షార్ట్‌కట్ నొక్కితే మీ ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల వార్మూ (తనంతట తానే మెషీన్ నుంచి మెషీన్‌కి పాకే వైరస్ లాంటిది) నడుస్తుంది. అందుకే నొక్కొద్దు. హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టినా కనబడవు, వాటిని సిస్టమ్ ఫైళ్ళుగా మార్చేసి ఉంటుంది. ఫోల్డర్ ఆప్షన్స్‌లో ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్‌ని దాచమనే టిక్ తీస్తే బయటపడతాయి.

అపోహ: "నీ కెమెరాలో నిన్ను రికార్డు చేశాను" అని మెయిలొస్తే లోపల బ్యాక్‌డోర్ ఉన్నట్టే.

గ్రూప్స్‌కి చదువుకుంటున్న ఓ అమ్మాయి ఈ మెయిలు పట్టుకుని వచ్చింది, ఇంట్లో చెప్పలేక రెండు రాత్రులు నిద్రలేదట. మెయిల్లో తన పాస్‌వర్డ్ కూడా రాసి ఉంది, అదే ఆమెను వణికించింది. చూస్తే అది కాలేజీ రోజుల్లో ఏదో సైట్లో పెట్టుకున్న పాత పాస్‌వర్డ్. అలాంటి సైట్ల డేటా లీకైతే ఆ జాబితా కొనుక్కుని లక్షలమందికి ఇదే మెయిలు పంపుతారు. ల్యాప్‌టాప్ అంతా వెతికాను, ఏమీ లేదు. అమ్మా, ఆ మెయిలు డిలీట్ చేసెయ్యి, డబ్బు పంపకు, ఆ పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే మార్చు. అంతే. ఇలాంటిదొస్తే ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

అపోహ: డబ్బు పోయాక పోలీసులకి చెప్పి లాభమేముంది?

ఉంది, కానీ వెంటనే చెబితేనే. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు అవతలి ఖాతాలో ఇంకా ఉంటే ఆపించే వీలుంటుంది. సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు రాయండి. డబ్బు పోయిన కేసయితే మాత్రం నా దగ్గరికి ముందు రావొద్దు. నెట్ తీసేసి, ఆ మెషీన్ అలాగే ఉంచి, ఫిర్యాదు అయ్యాక, పోలీసులు డిస్కు అక్కర్లేదన్నాక తీసుకురండి. ఒకసారి ఫార్మాట్ కొట్టేశాక ఆ బ్యాక్‌డోర్ ఏ సర్వర్‌తో మాట్లాడిందో నేనూ చూపించలేను, వాళ్ళూ తీయలేరు.