రెండు తీగల మీద నడిచే యంత్రం

ఒక ఎక్స్‌కవేటర్‌లో ఇంజను, హైడ్రాలిక్ పంపు, సిలిండర్లు నిక్షేపంగా ఉండవచ్చు. అయినా బూమ్ (తవ్వే పెద్ద చేయి) లేవకపోవచ్చు, ఇంజను వేగం పెరగకపోవచ్చు. క్యాబిన్‌లోని తెర మీద మాత్రం ‘ఇంజను కంట్రోలర్ నుంచి సమాచారం అందడం లేదు’ అన్న హెచ్చరిక కనిపిస్తూ ఉంటుంది. ఇలాంటప్పుడు కంట్రోలర్, అంటే ఇంజనును అదుపు చేసే చిన్న కంప్యూటర్, పోయిందని తీర్మానించి, కొత్తది తెప్పించి బిగించేవారు చాలామంది. తరచుగా ఆ తర్వాత కూడా హెచ్చరిక అక్కడే ఉంటుంది. కంట్రోలర్ చెడిపోయిందని యంత్రం చెప్పనే లేదు. దాని మాట వినబడడం లేదని మాత్రమే చెప్పింది.

పాత యంత్రాల్లో లీవరు లాగితే ఆ కదలిక కడ్డీల ద్వారానో, పైలట్ ఆయిల్ (వాల్వును కదిలించే తక్కువ పీడనపు ఆయిల్) ద్వారానో వాల్వుకు చేరేది. ఇప్పటి యంత్రాలు చాలావాటిలో జాయ్‌స్టిక్ ఒక సెన్సరు మాత్రమే. దాని కోణాన్ని ఒక కంట్రోలర్ చదువుతుంది, పంపు ఎంత ఆయిల్ పంపాలో లెక్కగడుతుంది, అందుకు తగ్గ వేగాన్ని ఇంజను కంట్రోలర్‌ను అడుగుతుంది. ఈ సంభాషణంతా ఒకదాని చుట్టూ ఒకటి మెలివేసిన రెండు తీగల మీదే సాగుతుంది. దీన్నే క్యాన్ బస్ అంటారు. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1983లో దీని రూపకల్పన మొదలుపెట్టి, 1986లో డెట్రాయిట్‌లో జరిగిన వాహన ఇంజినీర్ల సదస్సులో ప్రకటించింది. మొదట కార్ల కోసం పుట్టిన ఈ పద్ధతి మీదే భారీ వాహనాల కోసం జె1939 అనే ప్రమాణం వచ్చింది. అందులో మొదట ఖరారైన వేగం సెకనుకు 2,50,000 బిట్లు (ఒక్కో బిట్టు సున్నా గానీ ఒకటి గానీ). అంటే ఒక్కో బిట్టు ఆయుష్షు 4 మైక్రోసెకన్లు.

ఈ తీగల్లో ఒకటి ‘హై’, రెండోది ‘లో’. ఎవరూ మాట్లాడనప్పుడు రెండింటి మీదా సుమారు 2.5 వోల్టులు ఉంటాయి. ఏదైనా కంట్రోలర్ సున్నాను పంపాలంటే హై తీగను 3.5 దాకా పెంచి, లో తీగను 1.5 దాకా దించుతుంది. వినేవాళ్లు ఒక్కో తీగను విడిగా పట్టించుకోరు, రెండింటి మధ్య తేడానే చూస్తారు. స్టార్టర్ మోటారు, సోలెనాయిడ్లు, ఆల్టర్నేటర్ పుట్టించే విద్యుత్ రొద మెలివేసిన తీగలు రెండింటి మీదా దాదాపు ఒకేలా పడుతుంది కాబట్టి, తేడా అలాగే నిలుస్తుంది. ఇంత కరకు వాతావరణంలో ఇంత సన్నని సంకేతం బతికి బట్టకట్టడం ఈ ఒక్క ఉపాయం వల్లే. నాకు ఇది ఎప్పటికీ ముచ్చటగొలిపే ఆలోచన.

తీగ చివరికి చేరిన సంకేతం గోడకు తగిలిన కేకలా వెనక్కి ప్రతిధ్వనిస్తుంది. ఆ ప్రతిధ్వని తర్వాతి బిట్టును పాడుచేయకుండా రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల నిరోధకాలు పెడతారు. మెకానిక్ చేతిలోని మామూలు మల్టీమీటరుకు పని దొరికేది ఇక్కడే. బ్యాటరీ స్విచ్ ఆపి, కంట్రోలర్లు పూర్తిగా నిద్రపోయేదాకా కొద్ది నిమిషాలు ఆగి, డయాగ్నస్టిక్ కనెక్టర్‌లో (లోపాలు వెతికే పరికరాన్ని తగిలించే చోట) హై, లో పిన్నుల మధ్య నిరోధం కొలవాలి. తొమ్మిది పిన్నుల గుండ్రటి కనెక్టర్ అయితే అవి సాధారణంగా సి, డి పిన్నులు. విద్యుత్తు ఉండగా తీసిన ఓమ్‌ల లెక్కను నమ్మడానికి లేదు.

రెండు నిరోధకాలు సమాంతరంగా ఉంటాయి కాబట్టి 60 ఓమ్‌ల దగ్గర రావాలి. 120 వస్తే ఒక కొసతో సంబంధం తెగింది: నిరోధకమైనా పోయి ఉండాలి, మధ్యలో తీగైనా తెగి ఉండాలి. 40 వస్తే ఎవరో మూడో నిరోధకాన్ని చేర్చారు. సున్నాకు దగ్గరైతే రెండు తీగలూ ఎక్కడో కలిసిపోయాయి. అప్పుడు మీటరును అలాగే ఉంచి కనెక్టర్లను ఒక్కొక్కటిగా విప్పుతూ పోతే, ఏ శాఖను (ప్రధాన మార్గం నుంచి ఒక్కో కంట్రోలర్‌కు చీలే తీగలను) విడదీయగానే లెక్క మారుతుందో లోపం అక్కడే ఉంటుంది. ఒక జాగ్రత్త: కొన్ని కంట్రోలర్ల లోపలే కొస నిరోధకం ఉంటుంది. దాన్ని విప్పితే 120 చూపడం సహజం, లోపం కాదు.

60 వచ్చిందంటే అంతా బాగున్నట్టే అనుకోవడం కూడా తొందరపాటే. మరమ్మతులో ఒక శాఖ తీగలు తారుమారై ఉన్నా 60 ఓమ్‌లే చూపుతుంది. ఒక తీగ ఒరుసుకుపోయి ఛాసిస్‌కు (యంత్రపు ఇనుప చట్రానికి) తగులుతున్నా అంతే. అందుకే ఒక్కో తీగకూ ఛాసిస్‌కూ మధ్య నిరోధం చూడాలి, ఆపై తాళం తిప్పి వోల్టేజీ చూడాలి. సంభాషణ సాగుతుంటే సగటున హై 2.5 కంటే కొంచెం పైన, లో కొంచెం కింద కనిపిస్తాయి. మల్టీమీటరు సగటునే చూపగలదు. బిట్ల అసలు ఆకారం కావాలంటే వోల్టేజీ మార్పులను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్ ఉండాల్సిందే.

కొలవడానికి ముందే చేయవలసిన పని ఇంకొకటి ఉంది. ఫిర్యాదులన్నీ రాసుకోవాలి. జె1939లో ప్రతి సందేశంలోనూ పంపినవారి చిరునామా ఉంటుంది, మొదటి ఇంజనుది సున్నా. డిస్‌ప్లే, పంపు కంట్రోలర్, ట్రాన్స్‌మిషన్ కంట్రోలర్ మూడూ ఇంజను మాట అందడం లేదంటూ, తమలో తాము హాయిగా మాట్లాడుకుంటుంటే ప్రధాన మార్గం చాలావరకు బాగున్నట్టే. ఇంజను వైపు శాఖ, దాని ఫ్యూజు, దాని ఎర్త్ చూడాలి. అందరూ అందరి మీదా ఫిర్యాదు చేస్తుంటే ప్రధాన మార్గమే దెబ్బతింది. లోపం కోడ్‌లో చివరి సంఖ్య 9 అయితే సమాచారం రావలసిన వేళకు రావడం లేదని అర్థం. 3, 4 అయితే వోల్టేజీ హద్దు దాటిందని, అంటే అది సెన్సరు తీగల సంగతి. ఒక కంట్రోలర్‌కు విద్యుత్తు అందక మూగబోయినా పక్కవాళ్లు చూపేది ఆ 9నే. కాబట్టి ఫ్యూజును కంటితో చూసి వదిలేయకుండా, లోడు పడినప్పుడు ఎర్త్ మార్గంలో ఎంత వోల్టేజీ పోతోందో కొలవాలి.

అన్నిటికంటే సతాయించేవి వచ్చిపోయే లోపాలు. క్యాన్‌లో ప్రతి కంట్రోలర్ తన తప్పులను తానే లెక్కపెట్టుకుంటుంది. పంపడంలో పొరపాటు జరిగితే లెక్కకు సాధారణంగా 8 కలుస్తుంది, సరిగ్గా పంపితే 1 తగ్గుతుంది. లెక్క 255 దాటితే ఆ కంట్రోలర్ మిగతావారిని చెడగొట్టకుండా తనంతట తానే బస్ నుంచి తప్పుకుంటుంది. బయటి నుంచి చూసేవారికి అది చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. తాళం తిప్పి మళ్లీ వేస్తే లేచి కూర్చుంటుంది. ఇలా లేచే కంట్రోలర్‌ను అనుమానించే ముందు దాని కనెక్టర్‌ను అనుమానించాలని నా గట్టి అభిప్రాయం. పిన్నులు నిరంతర కంపనానికి ఒకదానితో ఒకటి సూక్ష్మంగా రాసుకుని, సన్నని ఆక్సైడు పొర పేరుకుంటుంది. కడిగినప్పుడు చేరిన నీరు దానికి తోడవుతుంది. లోడర్‌లో యంత్రం మధ్యకు వంగే కీలు దగ్గర తీగలు వేలసార్లు మడతపడి, పైతొడుగు బాగానే ఉన్నా లోపలి రాగి తెగుతుంది. అందుకే సరళరేఖలో నిలబెట్టిన లోడర్‌లో కొలిచి తృప్తిపడకూడదు. తీగలను కదిలిస్తూ, వీలైతే స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి నిలిపిన ఒక్కో స్థితిలోనూ కొలవాలి. తీగ పైతొడుగులో సూది గుచ్చి కొలిస్తే ఆ రంధ్రంలోంచే తేమ లోపలికి పోయి, కొంతకాలానికి కొత్త లోపం పుడుతుంది. కనెక్టర్ వెనుక నుంచి సన్నని ప్రోబ్ పెట్టడమే పద్ధతి.

ఇవన్నీ చూశాక కూడా విద్యుత్తు, ఎర్త్, రెండు తీగలూ కంట్రోలర్ పిన్నుల దాకా సవ్యంగా చేరుతున్నాయని తేలి, అది నోరు విప్పకపోతే, అప్పుడు మార్చాలి. అప్పటికీ పాతదాన్ని పక్కన భద్రంగా ఉంచాలి. కొత్తదానిలో ఆ యంత్రానికి తగిన సాఫ్ట్‌వేర్, అమరికలు ఎక్కించేదాకా అది కూడా పాతదానిలాగే మాట్లాడకపోవచ్చు.