విమానాశ్రయ ఉద్యోగాలు అమ్మకానికి ఉండవు: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ బేగంపేటలో రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా విమానయాన ప్రదర్శనకు విద్యార్థులు, తల్లిదండ్రులు పెద్ద సంఖ్యలో వస్తారు. నేను రన్‌వే లైట్ల నిర్వహణ చూసే ఎలక్ట్రికల్ ఇంజనీరునని తెలియగానే చాలామంది అడిగేది ఒకటే: "మా పిల్లకు ఎయిర్‌పోర్టులో ఉద్యోగం రావాలంటే ఎంత కట్టాలండీ?" ఈ ప్రశ్న విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. అడిగేవారి మీద నాకు కోపం లేదు. వారికి ఆ మాట నమ్మబలికినవారి మీదే కోపం.

అపోహ: ఫలానా కోర్సు చేసి, డిపాజిట్ కడితే ఎయిర్‌పోర్టులో ఉద్యోగం ఖాయం.

వాస్తవం: విమానాశ్రయాలను నడిపే ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా ఖాళీలను తన వెబ్‌సైట్‌లోనే ప్రకటిస్తుంది. ఆన్‌లైన్ పరీక్ష పెడుతుంది, కొన్ని పోస్టులకు గేట్ స్కోరు చూస్తుంది. దరఖాస్తు రుసుము తప్ప ఎవరి చేతిలోనూ రూపాయి పెట్టనక్కర్లేదు. ఫోనులో వచ్చిన నియామక పత్రం చూపించి డబ్బు అడిగారంటే అది మోసమే, ఇంకో ఆలోచన వద్దు.

ఒకసారి ఒక పెద్దాయన కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి చూపించారు. పైన అలుక్కుపోయిన లోగో, కింద ఎవరైనా ఉచితంగా తెరుచుకోగల ఈమెయిల్ చిరునామా. యూనిఫాం, వైద్య పరీక్ష, ఎయిర్‌పోర్టు పాస్ అంటూ విడివిడిగా లెక్క వేసి ఉంది. ఆ పాస్ సంగతి మాకు బాగా తెలుసు. ఉద్యోగం ఇచ్చిన సంస్థే దరఖాస్తు చేస్తుంది, పోలీసు విచారణ జరుగుతుంది, ఆ తర్వాత పౌర విమానయాన భద్రతా బ్యూరో జారీ చేస్తుంది. బయటివాళ్లెవరూ దాన్ని అమ్మలేరు. ఆ మాట చెప్పాక ఆయన చాలాసేపు కాగితం వైపే చూస్తూ ఉండిపోయారు.

అమ్మాయిని ఏం చదివావమ్మా అని అడిగాను. గణితం, భౌతికశాస్త్రంతో బీఎస్సీ. విమానాల రాకపోకలను నియంత్రించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ విభాగంలో జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్ష రాయడానికి ఆ చదువు సరిపోతుంది! ఎంపికైతే శిక్షణ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీయే ఇస్తుంది. ప్రయాగ్‌రాజ్‌లో 1948 నుంచి ఉన్న కళాశాలలోనే కాదు, మేము నిలబడి మాట్లాడుకుంటున్న బేగంపేటలోనూ ఒక శిక్షణ కేంద్రం ఉంది. ఈ మాట వారికి అంతకుముందు ఎవరూ చెప్పలేదు. చెబితే ఫీజు రాదుగా!

అపోహ: ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజనీరు) కోర్సు పూర్తయితే లైసెన్సు చేతికొచ్చినట్టే.

వాస్తవం: లైసెన్సు ఇచ్చేది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, కళాశాల కాదు. మాడ్యూల్ పరీక్షలన్నీ గట్టెక్కాలి, విమానాల మీద పనిచేసిన అనుభవం నిబంధనల ప్రకారం చూపాలి. గుర్తింపు పొందిన సంస్థల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. కళాశాల పేరు అందులో ఉందో లేదో చూశాకే ఫీజు మాట ఎత్తండి.

అపోహ: పైలట్, ఎయిర్ హోస్టెస్ కాకపోతే మిగిలింది కౌంటర్ ఉద్యోగమే. నిర్వహణ అంటే ఊడ్చి తుడవడమే.

వాస్తవం: పై మోసాలన్నీ బతుకుతున్నది ఈ అపోహ మీదే. నిర్వహణ అంటే నిజంగా ఏమిటో రన్‌వే దగ్గరే చూడండి. విమానం దిగేటప్పుడు, అప్పటిదాకా తిరగని చక్రాలు ఒక్కసారిగా నేలను రాసుకుంటాయి. టైరు రబ్బరు కరిగి రన్‌వేకు అంటుకుంటుంది. అది పేరుకున్న చోట చేత్తో తాకి చూస్తే కాంక్రీటు గరుకుతనం పోయి నున్నగా తగులుతుంది. వానలో ఆ నునుపే ప్రమాదం. అందుకే ప్రత్యేక వాహనంతో ఘర్షణ కొలుస్తారు, అధిక పీడనపు నీటితో రబ్బరు తొలగిస్తారు. ఆ పనికి రన్‌వే మూయాలంటే పైలట్లకు ముందుగా నోటమ్ అనే అధికారిక సమాచార ప్రకటన వెళ్లాలి. ఇక రన్‌వే మీద పడి ఉన్న లోహపు ముక్క ఏం చేయగలదో 2000 జూలై 25న పారిస్‌లో లోకమంతా చూసింది. వేరే విమానం నుంచి ఊడిపడిన పట్టీ కాంకార్డ్ అనే ప్రయాణికుల విమానం టైరును చీల్చింది. 113 మంది చనిపోయారు.

నా పని లైట్లది. రన్‌వే అంచున తెల్లవి, మొదట్లో ఆకుపచ్చవి, చివర ఎర్రవి, విమానాలు రన్‌వేకు వచ్చిపోయే దారి అయిన టాక్సీవే అంచున నీలివి. సాధారణంగా ఇవన్నీ 6.6 ఆంపియర్ల దగ్గర నిలకడగా ఉంచిన కరెంటు మీద వరుస సర్క్యూట్లలో నడుస్తాయి. ఒక దీపం మాడితే మిగతావి ఆరిపోకుండా ప్రతి దీపానికీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. విమానాల రాకపోకలు పలచబడిన అర్ధరాత్రి వేళ, కంట్రోల్ టవర్ అనుమతి తీసుకుని లోపలికి వెళ్లి మార్చి వస్తాం. ఈ రన్‌వే, లైట్ల పనులకు సివిల్, ఎలక్ట్రికల్ చదివినవారు కావాలి. అగ్నిమాపక విభాగంలోనూ అవకాశాలున్నాయి. అక్కడ డ్రైవింగ్ లైసెన్సు కూడా అడుగుతారు, ముందే సంపాదించి పెట్టుకోండి.

అపోహ: ఆడపిల్లలకు ఈ రంగం కష్టం.

వాస్తవం: మన దేశ పైలట్లలో సుమారు 15 శాతం మహిళలే. ఇక దీని మీద చర్చ అనవసరం.

అపోహ: కళ్లజోడు ఉంటే పైలట్ కాలేరు.

వాస్తవం: అద్దాలతో చూపు నిర్ణీత ప్రమాణానికి చేరితే చాలు. రంగులు గుర్తించడంలో లోపం ఉంటే మాత్రం చిక్కే. కాబట్టి డీజీసీఏ గుర్తించిన వైద్యుల దగ్గర క్లాస్ 2, ఆపైన క్లాస్ 1 వైద్య పరీక్షలు ముందు పూర్తి చేయించండి. పొలం తాకట్టు, బ్యాంకు అప్పు, ఫ్లయింగ్ స్కూలు ఫీజు అన్నీ ఆ తర్వాతే.