35తో భాగించిన తుప్పు

"ట్యాంకు మోడల్‌కి ఎంత నారింజ రంగు పూసినా తుప్పు పట్టినట్టు ఉండదు, బురదలో దొర్లించిన బొమ్మలా ఉంటుంది. ఎందుకు?" ఈ ప్రశ్న అడిగేవాళ్లు షేడు కుదరలేదేమో అనుకుంటారు. షేడు తప్పు కూడా కొంత ఉంటుంది, దాని సంగతి తర్వాత. అసలు తప్పు లెక్కలో ఉంది. 1/35 స్కేలులో, అంటే నిజం ట్యాంకులో 35వ వంతు కొలతతో చేసే ప్లాస్టిక్ మోడల్‌లో, చిన్నదైంది ట్యాంకు ఒక్కటే. మీ ఉప్పు రేణువు చిన్నది కాలేదు, నీటి బొట్టు చిన్నది కాలేదు, రంగు పొర పలచబడలేదు. బల్ల మీద ఏ పని చేసినా ముందు దాన్ని 35తో గుణించి చూసుకోవాలి.

ఉదాహరణకి టి-55 తీసుకుందాం. ఎరిత్రియా రాజధాని అస్మరా శివార్లలో 1991లో స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక పోగేసిన ట్యాంకులు, లారీలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిలో ఈ సోవియట్ ట్యాంకులూ ఉన్నాయి. ఫిరంగితో కలిపి 9 మీటర్ల పొడవున్న బండి మోడల్‌లో 257 మిల్లీమీటర్లు, అంటే జానెడు పైన కాస్త. ముందున్న 100 మిల్లీమీటర్ల కవచం మోడల్‌లో 2.9 మిల్లీమీటర్లు. అంతవరకు పేచీ లేదు. పేచీ ఫెండర్ల దగ్గర, అంటే ట్రాకుల మీద కప్పే రేకుల దగ్గర, మొదలవుతుంది. నిజం ట్యాంకు మీద అవి ఒకటి రెండు మిల్లీమీటర్ల ఇనుప రేకు. కిట్టులో అవే ఒక మిల్లీమీటరు మందం ప్లాస్టిక్. 35తో గుణిస్తే మూడున్నర సెంటీమీటర్ల ఫెండరు! దాన్ని వంచినట్టు, చిరిగినట్టు చెక్కితే కవచాన్ని ఎవరో బిస్కెట్టులా కొరికినట్టుంటుంది. దాన్ని కోసి పారేసి, కూల్‌డ్రింకు క్యాన్ గోడ కత్తిరించి పెట్టండి. అది సుమారు 0.1 మిల్లీమీటరు, అంటే నిజంలో మూడున్నర. ఇంకా ఎక్కువే, కానీ వేలితో నొక్కితే రేకు వంగినట్టే వంగుతుంది. ముందు గ్యాస్ మంట మీద ఒక్క క్షణం చూపించి, పైనున్న ముద్రణ పొరను గరుకు కాగితంతో గీకేయాలి. లేకపోతే రంగు పట్టదు. ప్లాస్టిక్ సిమెంటు లోహాన్ని అతికించదు, సూపర్‌గ్లూ కావాలి.

మిగతా అతుకుల పని గురించి చెప్పను, పెట్టెలోని కాగితంలో అంతా ఉంటుంది. ఒక్క సంగతి మాత్రం కాగితంలో ఉండదు. మీ ట్యాంకు వదిలేసిందా, కాలిపోయిందా? కాలిన బండిలో చక్రాల రబ్బరు బూడిదవుతుంది. టార్షన్ బార్లు, అంటే బండి బరువు మోసే స్ప్రింగు కడ్డీలు, కొలిమిలో పదును దిగిన కత్తిలా మెత్తబడతాయి. బండి కుంగి కూర్చుంటుంది. మోడల్‌లో చక్రాల చేతులను పట్టి ఉంచే చిన్న పిన్నులు కోసేసి, ఒక్కో చేతిని పైకి తిప్పి అతికించాలి, అన్నీ ఒకే ఎత్తుకి కాకుండా. చక్రంతో కలిపి పోతపోసిన రబ్బరు వలయాన్ని ఆకురాయితో అరగదీయాలి. టి-55కి పైన ట్రాకుని మోసే చిన్న రోలర్లు లేవు, ట్రాకు నేరుగా చక్రాల వీపు మీద వాలుతుంది. చక్రం కుంగితే ట్రాకు కూడా ఆ వంపే తిరగాలి. తిన్నగా బిగిసిన రబ్బరు ట్రాకు కనిపించిందంటే మిగతా పనంతా వృథా. విడి లింకులున్న ట్రాకు కొనండి.

ఇక తుప్పు. బడిలో మూడు పరీక్షనాళికలు, మూడు మేకుల ప్రయోగం అందరం చదివాం: గాలీ నీరూ రెండూ ఉంటేనే ఇనుము తుప్పు పడుతుంది. పరీక్షలో రంగు "ఎరుపు గోధుమ" అని రాస్తే మార్కు వేసేస్తారు. మోడల్ చేసేవాడికి అక్కడే నష్టం జరిగింది, ఎందుకంటే తుప్పు ఒక పదార్థం కాదు. కొత్తగా పట్టినప్పుడు వచ్చేది ఎక్కువగా లెపిడోక్రోసైట్, మెరిసే నారింజ. తడిసి ఆరి, తడిసి ఆరి, అది మెల్లగా గోథైట్‌గా మారుతుంది: పసుపు గోధుమ, పొర మందమయ్యే కొద్దీ ముదురు. గాలి అందని అడుగు పొరలో నల్లటి మాగ్నెటైట్. మంటలో కాలిన ఉక్కు మీద హెమటైట్, అంటే మన అరుగులకి పూసే జాజు రంగు. క్లోరైడు ఉన్నచోట అకగానైట్ అనే మరో రకం. 35 ఏళ్ల నాటి తుప్పు నారింజ కాదన్నమాట, అది కాఫీ గింజ రంగు. నారింజ నిన్నటి వాన, మొన్న ఎవరో గీకిన గీత. మొత్తం తుప్పు వైశాల్యంలో నారింజ ఇరవయ్యో వంతు దాటకూడదని నా లెక్క.

ఇప్పుడు చూడదగ్గ చిన్న ప్రయోగం. గరుకు కాగితంతో రుద్దిన ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి బొట్టు వేసి, గంటసేపు వదలండి. తుప్పు బొట్టు మధ్యలోనూ రాదు, అంచునా రాదు. రెంటికీ నడుమ ఉంగరంలా వస్తుంది. అంచు పలచన, అక్కడికి గాలిలోని ఆక్సిజన్ సులువుగా చేరుతుంది. మధ్యలో నీరు లోతు, ఆక్సిజన్ కరువు. కరువున్న చోట ఇనుము కరిగి నీళ్లలో కలుస్తుంది, పుష్కలంగా ఉన్న అంచున క్షారం పుడుతుంది, రెండూ నడుమ ఎదురుపడిన చోట గోధుమ రంగు పేరుకుంటుంది. తినబడేది ఒక చోట, మురికి పడేది ఇంకో చోట! పెయింటు పెచ్చు లేచిన చోటా ఇలాగే ఆ రెండు చోట్లకీ ఎడం ఉంటుంది. అందుకే మోడల్ మీద పెచ్చు మధ్యలో ముదురు గోధుమ చుక్క, దాని చుట్టూ వెంట్రుకంత నారింజ అంచు పెడితే కన్ను నమ్మేస్తుంది. తిరగేసి, మధ్యలో నారింజ పెడితే మాత్రం పుండులా ఉంటుంది.

ఎక్కడ వదిలేశారన్నది తేల్చుకోకుండా బ్రష్షు ముట్టుకోవద్దు. అస్మరా సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైన, పొడి గాలి. దానికి పూర్తి విరుద్ధం ప్యూర్టో రికోకి చెందిన కులెబ్రా దీవి. అమెరికా నౌకాదళం 1975 వరకు అక్కడ గురిపెట్టి కాల్చడం సాధన చేసేది. ఫ్లమెంకో బీచ్‌లో ఇసుకలో మిగిలిన షెర్మన్ ట్యాంకుని ఇప్పుడు రంగురంగులతో నింపేశారు. తేడా ఉప్పుది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు చెమర్చడం అందరికీ తెలుసు. శుద్ధమైన సోడియం క్లోరైడు గాలిలో తేమ 75 శాతం చేరితేగానీ నీరు కాదు. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకి 33 శాతం చాలు. అంటే బీచ్‌లో ఉక్కు పట్టపగలు కూడా కంటికి కనపడని తడిలోనే ఉంటుంది. ఎండలో ఆరిందనుకునేది మనం, ఇనుము కాదు.

అంకెల్లో చెప్పుకుంటే, ఉక్కు తుప్పుకి ఉన్న అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం తేలికపాటి వాతావరణంలో మొదటి ఏడాది 1.3 నుంచి 25 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పోతుంది, తీవ్రమైన సముద్రతీరంలో 80 నుంచి 200. తర్వాతి ఏళ్లలో వేగం తగ్గుతుంది. తగ్గలేదనుకుని గరిష్ఠమే తీసుకున్నా 100 మిల్లీమీటర్ల కవచం బయటివైపు 50 ఏళ్లలో కోల్పోయేది ఒక సెంటీమీటరు, మోడల్‌లో 0.3 మిల్లీమీటరు. రెండు మిల్లీమీటర్ల ఫెండరుకి మాత్రం రెండువైపులా కలిపి అయిదేళ్లలో ఆయువు తీరుతుంది. కాబట్టి బీచ్ ట్యాంకుకి ఫెండర్లు, పెట్టెలు, పొగగొట్టం రేకు జల్లెడైపోవాలి లేదా ఉండకూడదు, కవచం మాత్రం నిండుగా ఉండాలి. డ్రిల్లుతో కవచానికి చిల్లులు పొడిచి "తుప్పు తినేసింది" అనకండి. కొండ మీది అస్మరా బండికి ఫెండర్లు వంగి ఉంటాయి, కానీ ఉంటాయి. సగం పెయింటు కూడా మిగిలే ఉంటుంది.

(శనివారం ఇనుము కొనకూడదనే ఇళ్లలో ఆదివారం కొన్న గేటు ఎందుకు తుప్పు పట్టిందని అడిగితే ఎవరో దిష్టి పెట్టారంటారు. గేటు అడుగున నీరు నిలిచే మూల ఒకటి ఉంటుంది, చూడండి.)

అస్మరా బండికే వద్దాం. పెయింటు మిగిలింది కాబట్టి పెచ్చులు లేపాలి. ఆ పని హెయిర్‌స్ప్రేది. ముందు తుప్పు పునాది: టామియా కంపెనీ యాక్రిలిక్ రంగుల్లో ఎక్స్‌ఎఫ్‌-10 గోధుమలో కొద్దిగా నలుపు, దాని మీద మచ్చలు మచ్చలుగా ఎక్స్‌ఎఫ్‌-9 (హల్ రెడ్), అక్కడక్కడ ఎక్స్‌ఎఫ్‌-64 (రెడ్ బ్రౌన్). స్పాంజి ముక్కతో అద్దితే సరిపోతుంది. ఒక రోజు ఆరాక ల్యాకర్ వార్నిష్ ఒక పూత. ఇది తప్పించుకున్నవాళ్లు తర్వాత నీళ్లు తగిలినప్పుడు పునాదితో సహా ప్లాస్టిక్ దాకా గీకుతారు. తర్వాత చవక హెయిర్‌స్ప్రే, 25 సెంటీమీటర్ల దూరం నుంచి రెండు పలచటి పూతలు. పావుగంట ఆరనివ్వండి. ఆపైన ఆకుపచ్చ: నాటో గ్రీన్ ఆరు పాళ్లు, ఎక్స్‌ఎఫ్‌-60 (డార్క్ యెల్లో) మూడు పాళ్లు, తెలుపు ఒక పాలు. దీన్ని నీళ్లతో గానీ టామియా ఎక్స్‌-20ఎ థిన్నరుతో గానీ పలచన చేయాలి. ల్యాకర్ థిన్నరుతో చేస్తే రంగు హెయిర్‌స్ప్రేని కొరికి కిందికి దిగిపోతుంది, ఇక ఊడదు.

ఇందులో కిటుకు ఇదీ. హెయిర్‌స్ప్రేలోని పాలిమర్ నీళ్లలో ఉబ్బి కరుగుతుంది, యాక్రిలిక్ పొర కరగదు, కానీ నీటిని లోపలికి జారనిస్తుంది. గోరువెచ్చటి నీళ్లతో అరచేయంత భాగం తడిపి నిమిషం ఆగితే, పైపొర జారుడు నేల మీద నిలబడ్డట్టవుతుంది. పొట్టి గట్టి బ్రష్షుతో పొడిస్తే చుక్కలు, పంటిపుల్లతో లాగితే గీతలు. మూడు చోట్ల చెడుతుంది. రంగు మందంగా పడితే నీరు దిగదు, మీరు బలం పెడతారు, ఒక్కసారిగా పెద్ద పలక లేస్తుంది. హెయిర్‌స్ప్రే మందమైతే రంగు ఆరుతుండగానే ఎండిన చెరువు బీటల్లా పగులుతుంది. ఎక్కువ నీళ్లు, ఎక్కువసేపు అయితే అంచులు నానిపోయి మొత్తం జారుతుంది. టామియా రంగు రెండు మూడు గంటల్లోపు గీకేయాలి. వలేహో కంపెనీ రంగు రబ్బరు పొరలా సాగుతుంది కాబట్టి పెద్ద పెచ్చులే ఇస్తుంది, సన్నవి రావు.

మళ్లీ గుణకారం. నిజం ట్యాంకు మీద పెయింటు 0.1 మిల్లీమీటరు అనుకుంటే మోడల్‌లో 3 మైక్రాన్లు ఉండాలి. ఎయిర్‌బ్రష్షు (గాలితో రంగు చిమ్మే గన్ను) పూత ఒక్కటే 20 మైక్రాన్ల దాకా ఉంటుంది, అంటే 0.7 మిల్లీమీటరు మందం పెయింటు! పెచ్చు అంచు మెట్టులా కనపడటానికి కారణం అదే. పూతలు తగ్గించడం తప్ప మందు లేదు. హెయిర్‌స్ప్రే బదులు తడి మీద ఉప్పు చల్లి, పైన రంగు పూసి, ఆరాక ఉప్పు రాల్చేసే పద్ధతిలోనూ ఇదే లెక్క. మెత్తటి ఉప్పు రేణువు 0.3 మిల్లీమీటరు, నిజంలో ఒక సెంటీమీటరు పెచ్చు, బాగుంది. కల్లుప్పు పలుకు 3 మిల్లీమీటర్లు, అంటే పదిన్నర సెంటీమీటర్ల పెచ్చు. రెండూ కలిపి, కల్లుప్పుని కాస్త దంచి వాడితే సహజంగా వస్తుంది.

నీటి బొట్టు అసలు కిందికి దిగి రాదు. మోడల్ మీద 3 మిల్లీమీటర్ల బొట్టంటే పదిన్నర సెంటీమీటర్ల బుడగ. అలాంటి బుడగ నిజం ట్యాంకు మీద నిలబడలేదు, తన బరువుకే పరుచుకుపోతుంది. తలతన్యత స్కేలు ఎరగదు. అందుకే తుప్పు కారిన చారలు గీసే పనికి నీళ్లు పనికిరావు, ఆయిల్ రంగుని పలచన చేసే వైట్ స్పిరిట్ కావాలి. నీటి తలతన్యత (మీటరుకి మిల్లీన్యూటన్లలో) 72 అయితే దానిది 25 చిల్లర. బొట్టు కట్టకుండా పాకిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే ముతక టర్పెంటైన్ ఘాటైనది, వాసన లేని రకం మంచిది. ఏదైనా సరే అతుకుల్లో మడుగు కట్టనివ్వకండి. బిగువుగా అతికిన ప్లాస్టిక్ సందుల్లో నిలిస్తే చక్రం చేతులు టప్పున విరుగుతాయి.

చారలకి ఆయిల్ కలర్లు: బర్న్ట్ సియెన్నా, రా అంబర్. ట్యూబు నుంచి అట్ట మీద పిండి అరగంట వదిలితే నూనె అట్ట పీల్చుకుంటుంది, లేదంటే నిగనిగలాడుతుంది. పెచ్చు అడుగున సూది మొనంత చుక్క పెట్టి, స్పిరిట్‌తో తడిపి తుడిచేసిన చదును బ్రష్షుతో కిందికి లాగాలి. ఏది కింద? ఇక్కడే పోటీలకొచ్చే మోడళ్లు కూడా దొరికిపోతాయి. ట్యాంకు గుంటలోకి 20 డిగ్రీలు ఒరిగి ఉంటే, చారలు ట్యాంకు గోడ వెంట కాదు, తాపీమేస్త్రీ తూకం గుండు వేలాడే దిశలో జారాలి. ముందు బండిని నేలలో అతికించి, దారానికి చిన్న నట్టు కట్టి వేలాడదీసి, దాని వెంట గీయండి.

ట్రాకుల అంచులకి పెన్సిల్ గ్రాఫైటు రుద్ది మెరుపు తెప్పించే అలవాటు మానుకోండి. ఆ మెరుపు నడిచే బండిది. బండి ఆగాక మొదటి వానాకాలానికే అది పోతుంది.

తుప్పు పొడి కొనక్కర్లేదు. గిన్నెలు తోమే ఇనుప పీచుని ఉప్పునీళ్లలో ముంచి, గాలి తగిలేలా మూడు రోజులు వదిలితే నిజం తుప్పే వస్తుంది. స్టెయిన్‌లెస్ పీచు పనికిరాదు. ఆ ముద్దని నాలుగైదుసార్లు మంచినీళ్లతో కడగాలి, లేకపోతే ఆరాక మోడల్ మీద తెల్లటి ఉప్పు పూస్తుంది. ఆరబెట్టి, నూరి, పలచటి గుడ్డలో జల్లించండి. రేణువు 20 మైక్రాన్లున్నా నిజంలో 0.7 మిల్లీమీటరు ఇసుక, జల్లెడలో మిగిలిన ముతకది రాలిపడిన తుప్పు పెచ్చులకి పనికొస్తుంది. వాటిని బండి అడుగున, నేల మీద వేయాలి, బండి మీద కాదు. వైట్ స్పిరిట్ చుక్క వేస్తే కూర్చుంటుంది.

అస్మరా గుట్టల మధ్య నాగజెముడు మొలిచి ఉంటుంది, మన చేలగట్ల మీది లాంటిదే. ఒక్కో మట్ట 30 సెంటీమీటర్లనుకుంటే మోడల్‌లో 8.6 మిల్లీమీటర్లు. ఎపాక్సీ పుట్టీ ఉండల్ని నొక్కి మట్టలు చేసి, ఒకదాని అంచున ఒకటి గుచ్చండి. మాట్ వార్నిష్ మొక్కకి, నేలకి కొట్టుకోవచ్చు. తుప్పు పొడి మీద కొడితే సగం రంగు మాయమవుతుంది కాబట్టి బండికి వార్నిష్ అంతా పొడి చల్లకముందే అయిపోవాలి.