గంగిరెద్దు ఎందుకు ఎండలేదంటే

చి. అమ్మలుకి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి బొమ్మల కొలువులో పెడదామని పాలిమర్ క్లేతో గంగిరెద్దుని చేశానని, వారం రోజులు కిటికీలో ఉంచినా వేలితో నొక్కితే ఇంకా సొట్ట పడుతోందని అమ్మలు ఫోన్లో చెప్పింది కదా. "మట్టన్నాక ఎండాలి కదా తాతయ్యా?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు భలే నచ్చింది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అది మట్టి కాదమ్మా, పేరుకే మట్టి. చెరువు మట్టిలో నీళ్లుంటాయి, అవి ఆరితే గట్టిపడుతుంది. నీ ముద్దలో నీటిచుక్కే లేదు. నీళ్ల గొట్టాలు చేస్తారే పీవీసీ, అది మెత్తటి పిండిలా ఉంటుంది. దాన్ని ముద్దగా ఉంచడానికి నూనెలాంటి ద్రవం, దానితోపాటు రంగు కలుపుతారు. ఆ ద్రవం గాలికి ఆరేది కాదు.

నాన్నమ్మ బూందీ లడ్డూ చేసేటప్పుడు చూశారుగా? బూందీ పాకంలో వేసిన వెంటనే ఉండ చుడితే నిలవదు, పాకం వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. మూతపెట్టి కాసేపు వదిలేస్తే బూందీ పాకాన్ని పీల్చుకుని, ఉబ్బి, ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. నీ ఎద్దులో ఆ పిండి రేణువులే బూందీ, ఆ ద్రవమే పాకం. వేడి తగిలితేగాని ఆ బూందీ పాకం తాగదు. వేడి చాలకపోతే పైకి బాగానే కనిపిస్తుందిగాని, పాకం పట్టని లడ్డూలా కొమ్ము పుటుక్కున రాలిపోతుంది. ఇక మాడిందంటే లడ్డూతో పోలిక కుదరదు. పాకం మాడితే ఇల్లంతా చేదు వాసన, అంతే. ఇది మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే వాయువు వస్తుంది, కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. ఎప్పుడైనా పొగ కనిపిస్తే వెంటనే స్విచ్ ఆపించి, కిటికీలు తీయించి, అందరూ బయటికి వచ్చేయండి.

ఆ వేడి కోసం ఎద్దుని ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో పెట్టాలి. అందుకే అమ్మో నాన్నో పక్కన లేకుండా దాని జోలికి వెళ్లొద్దు. ముందు పొట్లం మీద చదవండి. కొన్నిటికి 110 డిగ్రీలు, కొన్నిటికి 130 దాకా అని రాసి ఉంటుంది. ఓటీజీ మీద తిప్పే మరని మాత్రం నమ్మొద్దు. ముల్లు 130 దగ్గరుంటే లోపల 150 ఉండొచ్చు. ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటర్ దొరుకుతుంది, కొనిపెట్టమని నాన్నని అడగండి. పావంగుళం మందానికి 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అమ్మలు ఎద్దు పొట్ట లావుగా ఉంది కాబట్టి ఇంకా ఎక్కువసేపు ఉంచాలి. సమయం పెంచాలేగాని వేడి పెంచకూడదు. బొమ్మని నేలకి వేసే టైలు ముక్క మీద పెట్టి, మధ్య అరలో ఉంచి, కడ్డీల సెగ తగలకుండా పైన ఫాయిల్‌ని గుడారంలా కప్పండి. ఆ టైలు మళ్లీ వంటకి వాడొద్దు. మైక్రోవేవ్ అసలు పనికిరాదు.

ఈ ముద్దతో మొదట్లో ప్రయోగాలు చేసినవాళ్లలో జర్మనీలో బొమ్మలు చేసే కేటే క్రూజే గారి అమ్మాయి ఒకరు. ఆవిడ ముద్దుపేరు ఫిఫి. మీ పొట్లం మీద ఫిమో అని ఉందేమో చూడండి, అందులో 'ఫి' ఆవిడదే!

నా చిన్నప్పుడు మా ఊరి చివర కుమ్మరి ఆవం ఉండేది. కుండలు బోర్లించి పేర్చి, పిడకలు, ఊక, గడ్డి కప్పి, పైన బురద మెత్తేవారు. రాత్రంతా సన్నగా పొగ. నాకు ఏడేళ్లుంటాయి. పొద్దున చేసిన మట్టి ఎద్దుని, సగం కూడా ఆరకుండానే, ఎవరూ చూడకుండా కుండల మధ్య దోపేశాను. లోపలి తడి ఆవిరై ఎద్దు పేలింది, పక్కనున్న ముంతకి బీట పడింది. కుమ్మరి తాత నన్ను కొట్టలేదు. ఆ ముంతని చేతిలో పెట్టి వేలితో కొట్టమన్నాడు. బొంగురుగా మోగింది. మంచి ముంతని కొట్టమన్నాడు. ఖంగుమంది. ఆ రెండు చప్పుళ్లూ నాకింకా వినిపిస్తాయి. ఒకరి కష్టం ఉన్నచోట అడగకుండా చెయ్యి పెట్టకూడదని ఆ రోజే తెలిసింది. ఆవం పూర్తిగా చల్లారేదాకా ఆయన ఒక్క పెంకు కూడా కదపనిచ్చేవాడు కాదు.

మీరూ అంతే. స్విచ్ ఆపగానే ఎద్దు ఇంకా మెత్తగానే ఉంటుంది. చెడిపోయిందని కంగారుపడి ముట్టుకోవద్దు. చల్లారుతూ ఉంటే గట్టిపడుతుంది. చూస్తూ చూస్తూ ఉండగానే అలా ఎలా మారిపోతుందో, ఈ వయసులోనూ నాకు ఆశ్చర్యమే.

ఒక పని చెయ్యండి. ఎద్దుతోపాటు అదే ముద్దతో అగ్గిపుల్లంత పట్టీలు రెండు చేసి పెట్టండి. ఒకటి అయిదు నిమిషాలకే అమ్మ చేత తీయించండి, రెండోది ఎద్దుతోపాటు తీయండి. రెండూ చల్లారాక మెల్లగా వంచి చూడండి. ఏది విరిగిందో, ఏది వంగి మళ్లీ లేచిందో ఉత్తరం రాయండి.

మీ తాతయ్య