సొంత ట్రక్కు కొనాలనుకునే కొత్త డ్రైవర్లకు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ట్రక్కు నడపడం మొదలుపెట్టిన తెలుగువాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సీడీఎల్ (వాణిజ్య వాహనాలు నడిపే లైసెన్స్) వచ్చేసింది కదా, ఇంకా కంపెనీలో జీతానికి ఎందుకు? నేనే ఒక ట్రక్కు కొనుక్కుంటే?" ఆ ఆశను నేను తప్పుపట్టను. సొంత ట్రక్కుతో కుటుంబాన్ని నిలబెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. దాచుకున్న డబ్బంతా ఏడాది తిరక్కుండానే పోగొట్టుకున్నవాళ్లూ తెలుసు. ఈ రెండోవాళ్లలో ఎక్కువమంది పనిదొంగలేమీ కాదు. అనుభవం రాకముందే అప్పు నెత్తికెత్తుకున్నారు, అంతే. వాళ్లు నమ్మి దిగిన మాటలనే ఇక్కడ ఒక్కొక్కటిగా చెబుతాను.

అపోహ: సీడీఎల్ చేతికొస్తే సొంతంగా మొదలుపెట్టవచ్చు

చట్టం వరకు చూస్తే ఇది నిజమే. 2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్తగా క్లాస్ ఏ (ట్రైలర్ లాగే పెద్ద ట్రక్కుల) లైసెన్స్ తీసుకునేవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదైన సంస్థలో శిక్షణ పొందాలి. రాష్ట్రాలు దాటి నడపాలంటే 21 ఏళ్లు నిండాలి. సొంత అథారిటీ (సొంత పేరుతో సరుకు రవాణా చేసే అనుమతి) కోసం ట్రక్కు రవాణాను నియంత్రించే సమాఖ్య సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏకు కట్టే దరఖాస్తు రుసుము 300 డాలర్లు. ఇన్నేళ్లు నడిపి ఉండాలన్న షరతు ఎక్కడా కనిపించదు. ఆ శిక్షణలో కూడా ఇన్ని గంటలు స్టీరింగ్ పట్టాలని సమాఖ్య నిబంధన చెప్పదు.

అడ్డుపడేది బీమా. మామూలు సరుకు మోసే ట్రక్కుకు చట్టం అడిగేది 7,50,000 డాలర్ల లయబిలిటీ (ఇతరులకు జరిగే నష్టానికి బీమా). లోడ్లు ఇప్పించే మధ్యవర్తులైన బ్రోకర్లు మాత్రం 10 లక్షల డాలర్ల పాలసీ, దానితో పాటు లక్ష డాలర్ల సరుకు బీమా లేనిదే సాధారణంగా లోడు ఇవ్వరు. సీడీఎల్ వచ్చి రెండేళ్లు కాలేదంటే చాలా బీమా కంపెనీలు ధర కూడా చెప్పవు. చెప్పే కొద్దిమంది అడిగే ప్రీమియం చూస్తే గుండె జారుతుంది. కొత్త అథారిటీకి, ఒక్క ట్రక్కుకు, ఏడాదికి పది వేల డాలర్లు దాటడం సర్వసాధారణం. అనుభవం లేనివారికి అది ఇంకా ఎంతో పైకి పోతుంది.

బీమా దొరికిందనుకుందాం. అప్పుడు బ్రోకర్ మీ అథారిటీ వయసు అడుగుతాడు. 90 రోజులు నిండని వాళ్లకు, కొన్నిచోట్ల ఆరు నెలలు నిండని వాళ్లకు, లోడు ఇవ్వని బ్రోకర్లు చాలామంది. మిగిలేవి ఎవరూ ఎత్తని చౌక లోడ్లు. వాయిదా తేదీ మాత్రం ఆగదు.

అపోహ: లీజు-పర్చేజ్‌లో చేతి డబ్బు పెట్టకుండా ట్రక్కు మనదవుతుంది

నాకు అన్నింటికంటే కోపం తెప్పించే మాట ఇది. కొత్త డ్రైవర్లకు వల వేసేది ఎక్కువగా ఇక్కడే.

పద్ధతి ఇలా ఉంటుంది. కంపెనీ తన ట్రక్కును మీకు లీజుకు ఇస్తుంది. వారం వారం లీజు సొమ్ము, నిర్వహణ నిధి, బీమా, ఇంకా ఏవేవో కోతలు మీ సంపాదన నుంచి ముందే పట్టుకుంటుంది. లోడ్లు ఇచ్చేదీ ఆ కంపెనీయే. అంటే మీ ఆదాయం, మీ అప్పు రెండూ ఒకే చేతిలో ఉంటాయి. లోడ్లు తగ్గిన వారం కోతలు మాత్రం తగ్గవు. చెక్కులో మిగిలింది సున్నా అయితే, మీరే కంపెనీకి బాకీ పడతారు. చివరి వాయిదాలు దగ్గరపడే వేళకు ట్రక్కు మరమ్మతులు మొదలై, మధ్యలో వదిలేస్తే అప్పటిదాకా కట్టింది ఏదీ తిరిగి రాదు. ఆ ట్రక్కే మరో కొత్త డ్రైవర్‌కు వెళుతుంది.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 2021 మౌలిక వసతుల చట్టం కింద ఎఫ్‌ఎంసీఎస్‌ఏ ఏర్పాటు చేసిన ట్రక్ లీజింగ్ టాస్క్‌ఫోర్స్ ఈ పథకాలను పరిశీలించింది. వీటిని నిషేధించాలని 2025 జనవరిలో ఇచ్చిన నివేదికలో సిఫార్సు చేసింది. మీ ముందు అలాంటి ఒప్పందం పెడితే దాన్ని లాయరుకు చూపించండి. "ఈ రోజే సంతకం చేయాలి" అని తొందరపెడితే లేచి వచ్చేయండి.

అపోహ: మైలుకు రెండు డాలర్ల పైన వస్తే లాభమే

ఏ మైలుకు? ఒక లోడు 900 మైళ్లకు 2,000 డాలర్లు అనుకుందాం. మైలుకు 2.22 డాలర్లు, చూడ్డానికి బాగుంది. కానీ ఆ లోడు ఎత్తడానికి 150 మైళ్లు ఖాళీగా వెళ్లారు. అప్పుడు 1,050 మైళ్లకు 2,000, అంటే మైలుకు 1.90 డాలర్లే. గాలన్‌కు ఆరున్నర మైళ్లు ఇచ్చే ట్రక్కు 161 గాలన్లకు పైగా తాగుతుంది. గాలన్ నాలుగు డాలర్లు వేసుకుంటే దాదాపు 646 డాలర్లు. మిగిలిన 1,354లోంచి బీమా, వాయిదా, టైర్లు, టోల్, పన్నులు, రేపటి మరమ్మతు పోవాలి. మీ జీతం అన్నిటికంటే చివరన.

పోల్చి చూసుకోవడానికి ఒక లెక్క ఉంది. అమెరికన్ ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ప్రకారం 2024లో ట్రక్కు నడపడానికి అయిన సగటు ఖర్చు మైలుకు 2.26 డాలర్లు. అందులో డ్రైవర్ జీతం కూడా ఉంది. మీ ఖర్చు అంతకంటే తక్కువ ఉండవచ్చు, ఎక్కువా ఉండవచ్చు. మీ సంఖ్య మీకు తెలియకుండా బ్రోకర్‌తో బేరానికి కూర్చోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. పైగా ఆ 2,000 వెంటనే రాదు. బ్రోకర్ నెల రోజులకు ఇస్తాడు. ముందే కావాలంటే బిల్లు తీసుకుని ముందే డబ్బిచ్చే ఫ్యాక్టరింగ్ కంపెనీకి కొంత శాతం వదులుకోవాలి. డీజిల్ మాత్రం ఈ రోజే కొట్టించాలి.

అపోహ: నడపడం వచ్చేసింది, ఇక నేర్చుకోవడానికి ఏముంది

హైవే మీద నేరుగా పోవడం కొన్ని వారాల్లో వస్తుంది. నేర్చుకోవాల్సింది మిగతా చోట్ల ఉంటుంది. ఒక ఉదాహరణ చెబుతాను. లోడు ఎత్తి కాటా మీదికి ఎక్కారు. మొత్తం బరువు 79,000 పౌండ్లు, 80,000 పరిమితిలోనే ఉంది. కానీ ట్రైలర్ టాండెమ్ (వెనుక ఉండే జంట యాక్సిళ్లు, అంటే ఇరుసులు) మీద 35,200 చూపిస్తోంది, అక్కడ పరిమితి 34,000. టాండెమ్‌ను వెనక్కి జరిపితే దాని మీది బరువు తగ్గి ట్రక్కు డ్రైవ్ యాక్సిళ్ల (ఇంజిన్ తిప్పే ఇరుసుల) మీదికి వెళుతుంది. సరిపోయిందనుకుంటారు. వెళ్లేది కాలిఫోర్నియాకు అయితే, అక్కడ 53 అడుగుల ట్రైలర్‌కు కింగ్‌పిన్ (ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే పిన్ను) నుంచి వెనుక యాక్సిల్ వరకు 40 అడుగులు మించకూడదు. టాండెమ్‌ను బిగించే రంధ్రాల్లో ఇంకో రెండు వెనక్కి జరిపితే బరువు సరిపోతుంది, పొడవు తప్పుతుంది. అప్పుడు చేయగలిగింది ఒక్కటే: గోదాముకు తిరిగి వెళ్లి సరుకు సర్దించుకోవడం. ఈ సంగతి కంపెనీ డ్రైవర్‌గా నేర్చుకుంటే పోయేది ఒక పూట. సొంత అథారిటీ మీద నేర్చుకుంటే జరిమానా మీది, మీ తనిఖీ రికార్డులో పడే మచ్చా మీదే. రెండేళ్ల పాటు అది లెక్కలో ఉంటుంది, ప్రీమియం రాసేవాళ్లు దాన్ని చూస్తారు.

ఇంగ్లిష్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తనిఖీ అధికారి అడిగినదానికి జవాబు చెప్పలేకపోతే, రోడ్డు బోర్డులు చదవలేకపోతే 2025 జూన్ 25 నుంచి డ్రైవర్‌ను అక్కడికక్కడే నిలిపివేస్తున్నారు.

అపోహ: చౌకగా పాత ట్రక్కు కొంటే నష్టభయం తక్కువ

వాయిదా తగ్గుతుంది, నిజమే. కానీ పొగ శుద్ధి చేసే డీపీఎఫ్, డీఈఎఫ్ వ్యవస్థలు పాడైతే ఇంజిన్ తనంతట తానే శక్తి తగ్గించుకుంటుంది. వర్క్‌షాపులో వారం పడి ఉంటే బిల్లుతో పాటు ఆ వారం ఆదాయమూ పోతుంది. మరమ్మతుకు విడిగా దాచిన డబ్బు లేనివారికి పాత ట్రక్కూ ఖరీదైనదే.

అపోహ: కాగితాల పని ఎవరికైనా డబ్బిస్తే అయిపోతుంది

నింపి పెట్టేవాళ్లు దొరుకుతారు. బాధ్యత మీదే. కొత్త అథారిటీ 18 నెలలు పరిశీలనలో ఉంటుంది, తొలి 12 నెలల్లో భద్రతా ఆడిట్ జరుగుతుంది. ఒక్కరే డ్రైవర్ అయినా మాదకద్రవ్య పరీక్షల కోసం కన్సార్టియంలో (పలువురికి కలిపి పరీక్షలు నడిపే బృందంలో) చేరి ఉండాలి. అది లేకపోతే ఆడిట్‌లో నేరుగా తప్పినట్టే. ఇంధన పన్ను లెక్కలు మూడు నెలలకోసారి, భారీ వాహన పన్నుకు 2290 ఫారం ఏటా.

అపోహ: సొంత అథారిటీ లేకపోతే ఓనర్ ఆపరేటర్ (సొంత ట్రక్కు నడిపే యజమాని) కానట్టే

కొత్తవారికి నేను చెప్పే దారి ఈ మాటకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మొదట రెండేళ్లు కంపెనీ ట్రక్కు నడపండి, రికార్డు శుభ్రంగా ఉంచుకోండి. తరువాత మీ డబ్బుతోనో, మీకు సంబంధించిన బ్యాంకు అప్పుతోనో ట్రక్కు కొని, ఒక మంచి కంపెనీ అథారిటీ కింద పెట్టండి. లోడు మీద ఉన్నప్పుడు ప్రధాన లయబిలిటీ బీమా ఆ కంపెనీది. ట్రక్కుకు నష్టం జరిగితే వర్తించే పాలసీ, లోడు లేని వేళ నడిపే పాలసీ మీరు చూసుకోవాలి. ట్రక్కు మీదే కాబట్టి కంపెనీ నచ్చకపోతే ట్రక్కు మీది కంపెనీ పేరు మార్చుకుని ఇంకోచోటికి వెళ్లగలరు. లీజు-పర్చేజ్‌లో లేనిది ఈ స్వేచ్ఛే.

ఆ ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు సమాఖ్య లీజు నిబంధనలు మీకిచ్చిన హక్కులు అందులో ఉన్నాయో లేదో చూడండి. ట్రిప్పు కాగితాలు ఇచ్చిన 15 రోజుల్లో చెల్లింపు జరగాలి. మీ వాటా శాతంలో ఉంటే అసలు సరుకు బిల్లు నకలు మీకు చూపించాలి. తమ దగ్గరే టైర్లు, బీమా కొనాలని షరతు పెట్టకూడదు. ఎస్క్రోలో (పూచీగా కంపెనీ దగ్గర) పట్టుకున్న డబ్బు, ఒప్పందం ముగిసిన 45 రోజుల్లోగా లెక్కతో సహా తిరిగి ఇవ్వాలి. ఇవన్నీ రాతలోనే ఉండాలి. ఫోనులో చెప్పిన మాట చాలదు.